వదులు తాడు

జనవరి 7

పరిగెత్తాను. వీధి చివర మందుల షాపు దాకా. తిరిగి నడిచి వచ్చాను. దీన్ని పరుగు అంటే పరుగుకే సిగ్గేస్తుంది. అయినా సరే, పరిగెత్తాను.

జనవరి 8

తొడలు రాళ్ళయిపోయాయి. లిఫ్టు చెడిపోయింది, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. పళ్ళ ల్యాబులో మైనపు అచ్చులు చేసే మా మైనం మాస్టారు నా నడక చూసి, "ఏమ్మా, కుక్కలు గానీ తరిమాయా?" అన్నాడు. అవునన్నాను. కట్టుడు పళ్ళకి మెరుగు పెట్టే పని కూర్చుని చేసేది కాబట్టి బతికిపోయాను.

జనవరి 11

మళ్ళీ మందుల షాపు. ఈసారి దాటి చెప్పుల కొట్టు దాకా!

జనవరి 19

ఆదివారం. ఇల్లంతా నిద్రపోతోంది. ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు. మరిదికి కనపడదు. మా ఆయనకి తన కొట్లో బిల్లు తప్ప ఇంకేదీ చదివే ఓపిక లేదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు.

ఇదంతా మరిది కోసం. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి వాడికి పదేళ్ళు. చూపు అప్పటికే అంచుల నుంచి పోతూ ఉండేది, ఇరవై రెండు నిండేసరికి మొత్తం పోయింది. వాడు ఏడవలేదు, నేనే ఏడ్చాను. నీళ్ళ ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం తెచ్చుకున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుళాయి రాలేదని జనం తిడుతుంటే వింటాడు. ఆ తర్వాత స్నేహితుడి మణికట్టుకీ తన మణికట్టుకీ తాడు కట్టుకుని పరుగు మొదలుపెట్టాడు. ఈత చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇద్దరు తొక్కే సైకిలు కొన్నారు. మూడూ కలిపిన ఆ పెద్ద పోటీకి రెండుసార్లు వెళ్ళారు. నాలుగు కిలోమీటర్ల ఈత, నూట ఎనభై సైకిలు, ఆపైన నలభై రెండు పరుగు. అన్నీ ఒకే రోజులో. రాసుకుంటేనే నాకు ఆయాసం వస్తోంది.

మొదటిసారి స్నేహితుడికి కడుపు చెడిపోయి దారిలో కూర్చుండిపోయాడు. తోడు ఆగితే వీడూ ఆగాల్సిందే. రెండోసారి గడువు దాటిపోయింది. ఆ స్నేహితుడికి వేరే చోట ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. మూడు నెలలుగా మరిది ఆఫీసు నుంచి రావడం, గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం. తాడు మేకుకి వేలాడుతోంది.

కొత్త సంవత్సరం రోజు భోజనాల దగ్గర అన్నాడు, "ఇంకొక్కసారి చూసేవాణ్ణి. అదీ అవ్వకపోతే తాడు చుట్టి లోపల పెట్టేసేవాణ్ణి. తోడు ఎవరున్నారు?"

 "నేనున్నాగా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

మా ఆయనకి పొలమారింది. "నువ్వా? పాల పాకెట్టుకి కూడా లిఫ్టెక్కి దిగే మనిషివి" అన్నాడు.

అంతే, పంతం పట్టుకుంది.

ఫిబ్రవరి 16

ఇవాళ మొదటిసారి తాడు కట్టుకున్నాం. పార్కులో. వాడి ఎడమ మణికట్టు, నా కుడి మణికట్టు, మధ్యలో మూరెడు తాడు.

మరిది పాఠం చెప్పాడు. "నువ్వు నా పక్కన ఉండాలి వదినా. నాకన్నా ముందుకి పోకూడదు. తాడు ఎప్పుడూ వదులుగా ఉండాలి. బిగిస్తే లాగినట్టు లెక్క, పోటీలోంచి తీసేస్తారు. మలుపు, మెట్టు, గుంట, మనుషులు, ఏదొచ్చినా నోటితో ముందే చెప్పాలి."

"నోటి పనైతే మీ వదిన దిట్టరా" అని బెంచీ మీద నుంచి మా ఆయన.

బయల్దేరాం. ఎదురుగా ఒక పెద్దాయన కర్రతో వస్తున్నాడు. "ఇటు, ఇటు" అని చేత్తో చూపించాను. 

"ఇటు అంటే ఎటు వదినా?" అన్నాడు మరిది. నేను చెప్పేలోపే చెత్తడబ్బాకి గుద్దుకున్నాడు.

ఎంత నవ్వుకున్నామో. గడ్డిలో కూర్చుని నవ్వాం. నాలుగు నెలల తర్వాత వాడు నవ్వడం చూశాను. మోకాలు దోక్కుపోయింది, దానికీ నవ్వే.

ఫిబ్రవరి 20

కుడి, ఎడమ. కుడి, ఎడమ. పళ్ళకి మెరుగు పెడుతూ కూడా అదే గొణుక్కుంటున్నాను. నలభై ఒక్క ఏళ్ళొచ్చి ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

మార్చి 23

అయిదు కిలోమీటర్లు! ఆగకుండా! ఒక్కసారి కూడా ఆగకుండా!

పరిగెత్తినంతసేపూ మరిది ఆఫీసు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఒకావిడ ఫోన్ చేసి, "మా కుళాయిలో నీళ్ళొస్తున్నాయి, ఏమైంది?" అని కంగారుగా అడిగిందట. నవ్వితే ఊపిరందక చచ్చాను. 

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే "అయిదేనా" అన్నాడు. అన్నాడు కానీ, సాయంత్రం కొట్టు నుంచి వస్తూ నా కొలతకి పరుగు బూట్లు తెచ్చాడు. కొలత ఎలా తెలిసిందని అడిగితే, "ఇరవై ఏళ్ళుగా గుమ్మంలో నీ చెప్పులకి తన్నుకుని పడుతున్నా, తెలీదా" అన్నాడు.

మే 18

పది.

మే 19

పది అని ఒక్క మాట రాసి నిద్రపోయాను. పది కిలోమీటర్లు పరిగెత్తాను అని పూర్తిగా రాయాలనిపించింది. పది కిలోమీటర్లు పరిగెత్తాను. నేను.

జూన్ 8

ఈత కొలను. నా ప్రాణం గుప్పిట్లో ఉంది. నడుం లోతు నీళ్ళలో కడ్డీ పట్టుకుని వదలను కాక వదలను. పక్క వరసలో ఎనిమిదేళ్ళ పిల్లలు చేపల్లా పోతున్నారు.

ఇక్కడ మరిది గురువు, నేను శిష్యురాలిని. "భయపడేవాళ్ళు గాలి పీల్చుకుంటారు కానీ వదలరు వదినా. పాత గాలి వదిలితేనే కొత్తది వస్తుంది. మొహం లోపల పెట్టి బుడగలు వదులు, అంతే" అన్నాడు.

"నాకు కింద ఏమీ కనపడట్లేదురా" అన్నాను.

"కళ్ళు మూసుకో. నీళ్ళలో అందరం ఒకటే" అన్నాడు.

కళ్ళు మూసుకుని బుడగలు వదిలాను. సగం కొలను వాడి చెయ్యి పట్టుకుని నడిచాను, ఈదాను అనలేను. బయటికొచ్చేసరికి ఇంకోసారి దిగుదామా అని నేనే అడిగాను!

జులై 13

ఈ చివర నుంచి ఆ చివరకి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.

ఆగస్టు 24

ఇద్దరు తొక్కే సైకిలు. నేను ముందు, వాడు వెనక. హాండిలూ బ్రేకూ నావి, కాళ్ళు ఇద్దరివీ. మొదట్లో ఇద్దరం బయల్దేరకముందే పడ్డాం. ఇప్పుడు మూడు లెక్కపెట్టి ఎక్కుతున్నాం.

స్పీడ్ బ్రేకరు సంగతి చెప్పడం మర్చిపోయాను.

"వదినా, నేను రెండంగుళాలు పొట్టివాణ్ణయ్యాను" అని వెనక నుంచి గొంతు.

ఎత్తు దారిలో బరువుగా అనిపిస్తే, "తొక్కుతున్నావా, పల్లకీలో కూర్చున్నావా?" అన్నాను. "నువ్వే కాళ్ళు పైన పెట్టుకుని ఊరేగుతున్నావేమో, నాకేం తెలుసు" అన్నాడు. 

నవంబరు 9

మా మొదటి పోటీ. చిన్నది. ఈత, సైకిలు, పరుగు, మూడూ చిన్నవే. పూర్తి చేశాం!

ఈతలో వాడు నన్ను దాదాపు మోసుకెళ్ళాడు. సైకిలు మీద గాలి పాట పాడింది. పరుగులో చివర జనం చప్పట్లు కొడుతుంటే ఒళ్ళంతా జలదరించింది. మైనం మాస్టారు కూతురిని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. "నవ్విన నాపచేనే పండింది" అని సామెత తన మీద తనే వేసుకున్నాడు.

ఫలితాల బోర్డు మీద మరిది పేరు. తోడు వచ్చినవాళ్ళ పేర్లు వెయ్యరు. పోటీ వాడిది కదా. నాకేం బాధ లేదు.

డిసెంబరు 14

వచ్చే అక్టోబరు పెద్ద పోటీకి మరిది పేరు ఇచ్చేశాం. మధ్యలో ఏప్రిల్‌లో సగం దూరం పోటీ. దానికీ ఇచ్చాం. ఇంకేం కావాలి. సంతోషంతో నిద్ర పట్టట్లేదు.

జనవరి 25

వారంలో రెండ్రోజులు ఒక్కదాన్నే అదనంగా పరిగెత్తుతున్నాను. నా బలం పెరిగితే లాభం మరిదికేగా.

ఫిబ్రవరి 15

మేం ఈతకి వెళ్ళే క్లబ్బులో టీచరమ్మ నా టైము చూసి, "మీరు ఒంటరిగా పోటీకి దిగితే మీ వయసువాళ్ళలో మొదటి ముగ్గురిలో ఉంటారు" అంది. 

నేను అలాంటివి పట్టించుకునే మనిషిని కాదు. మొదటి ముగ్గురిలో అంట.

ఫిబ్రవరి 22

మరిది ఎడమ మణికట్టు ఎర్రగా కందింది. కొత్త తాడు కదా, మెత్తబడాలి. వాజిలీను రాశాను.

మార్చి 8

ఈ మధ్య వాడు పరుగులో కబుర్లు చెప్పడం మానేశాడు. ఏకాగ్రత బాగా పెరిగింది. టైము కూడా నెలనెలా తగ్గుతోంది. ఇవాళ ఇరవై కిలోమీటర్లు గాల్లో తేలినట్టు వచ్చాం!

మార్చి 15

మణికట్టు మళ్ళీ కందింది. వాడిది సున్నితమైన చర్మం, చిన్నప్పటి నుంచీ అంతే.

మార్చి 29

ఇంకా వేగం! ఇంటికొచ్చి వాడు గుమ్మంలో చాలాసేపు కూర్చున్నాడు. "ఏరా, అలిసిపోయావా?" అంటే "లేదొదినా" అన్నాడు. ఏప్రిల్‌లో దుమ్ము లేపుతాం.

ఏప్రిల్ 19

తీసేశారు. ఫలితాల్లో మరిది పేరు ఎదురుగా గీత.

ఏప్రిల్ 20

లాగానట. నేను.

పరుగులో చివరి ఏడెనిమిది కిలోమీటర్లు ఆ జడ్జి మోటారు సైకిలు మీద మా వెనకే వచ్చాడు, రెండుసార్లు హెచ్చరించాడట. వినపడలేదు. వినపడితే వినేదాన్నిగా. ఆయనకి కళ్ళజోడు మార్చాలి. తాడు ఒక్కోసారి గాలికి కూడా బిగుస్తుంది. మరిది కన్నా అరడుగు ముందు ఉన్నానేమో, మలుపు దగ్గర, అంతే. ఎంత బాగా వెళ్తున్నాం. మా ముందు ఉన్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే దాటుతూ వెళ్ళాం. అదే ఆయనకి కంటగింపు.

ఇదంతా చెబితే మా ఆయన పేపరు మడిచి, "ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు. నేను ఆయనతో మాట్లాడట్లేదు.

ఏప్రిల్ 21

ఆ జడ్జికి కళ్ళజోడు మార్చాలి.

ఏప్రిల్ 24

ఇవాళ మరిది వంటింట్లోకి వచ్చి స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను.

"వదినా, జడ్జి తప్పు రాయలేదు" అన్నాడు.

కుళాయి కట్టేశాను.

"నువ్వు నాతో పరిగెత్తట్లేదు. నన్ను వెంటేసుకుని పరిగెత్తుతున్నావు. రెండు నెలలుగా నేను నీ వెనక చక్రాల సూట్‌కేసులా వస్తున్నా."

"అప్పుడే చెప్పొచ్చుగా. నోరు లేదా నీకు?"

"ఎలా చెప్పను? చీకటితో లేచి నాకోసం వస్తున్న మనిషిని పట్టుకుని, ఇలా కాదు అని ఎలా చెప్పను?" గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు నీ పోటీకి పేరివ్వు. నిజంగా అంటున్నా, కోపంతో కాదు. నీకు ఆ బలం ఉంది. నేను ఇంకెవరినైనా చూసుకుంటా."

ఎవరిని చూసుకుంటాడు. అక్టోబరుకి ఆరు నెలలు కూడా లేదు. ఎవరూ దొరకరని వాడికి తెలుసు, నాకూ తెలుసు.

"సరే, చూసుకో" అన్నాను.

ఏప్రిల్ 29

ఒంటరిగా పరిగెత్తాను. నా జీవితంలో ఇంత వేగం లేదు. చాలా బావుంది.

మే 2

ఒంటరిగా. చాలా బావుంది.

మే 5

ఒంటరిగా. పార్కు మలుపులో గుంట వస్తే "ఎడమ పక్క గుంట" అని పైకి అన్నాను. ముందు నడుస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి పక్కకి జరిగాడు.

మే 6

వెళ్ళలేదు.

మే 10

నిన్న సాయంత్రం మరిది గది తలుపు కొట్టాను. మంచం మీద పడుకుని రేడియో వింటున్నాడు. మొహం చెల్లక గుమ్మంలోనే నిలబడ్డాను.

"నాకు ఒంటరిగా నచ్చలేదు" అన్నాను. 

రేడియో తగ్గించాడు.

"చాలా వేగంగా వెళ్తున్నాను. టైము చూసుకుంటే మహా సంబరంగా ఉంటుంది. ఇంటికొచ్చేసరికి ఏం చేశానో గుర్తుండట్లేదు. నీతో వెళ్తే గుంటలు గుర్తుంటాయి, ఎవరు ఎదురొచ్చారో గుర్తుంటుంది. మళ్ళీ నేర్పు. ఈసారి సరిగ్గా నేర్చుకుంటా."

 "మళ్ళీ లాగుతావేమో వదినా" అన్నాడు.

"లాగుతానేమో" అన్నాను. ఇంకేం చెప్పను, లాగుతున్నట్టు నాకు తెలియనే తెలియలేదు మరి.

మా ఆయన ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. "పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట" అని ముందు నా మీద ఒకటి విసిరి, "తాడు తెగదు కాబట్టి మీ వదినకి తెలీట్లేదురా. తెగేది కట్టుకోండి" అన్నాడు. సంచిలోంచి కొట్లో బిల్లులు కొట్టే కాగితం చుట్ట తీసి మంచం మీద పడేశాడు.

ఈ మనిషితో వచ్చిన చిక్కేమిటంటే, ఒక్కోసారి మంచి మాట చెబుతాడు.

మే 11

కాగితం కట్టుకుని పరుగు. తెగితే అక్కడే ఆగి మళ్ళీ కట్టుకోవాలి, అదీ షరతు.

పార్కు గేటు దాటకముందే తెగింది. కట్టాం. తెగింది. కట్టాం. బెంచీ దాకా వచ్చేసరికి తెగింది. ఇంటికొచ్చేసరికి సగం చుట్ట అయిపోయింది. ఎన్ని నెలలుగా లాగుతున్నానో ఇవాళ తెలిసింది. చెమటకి తడిసి తెగిందని రెండుసార్లు అన్నాను. రెండోసారి మరిది దగ్గాడు.

మే 17

జడ్జి కళ్ళజోడు బాగానే ఉంది.

మే 25

వాడి అడుగు వినాలి. చూడ్డం కాదు, వినాలి. ఎత్తు వస్తే వాడి ఊపిరి ముందు మారుతుంది, తర్వాత అడుగు. అది పట్టుకుంటే కాగితం తెగదు. ఇన్నాళ్ళూ నా గడియారం వైపు చూసుకుంటూ పరిగెత్తాను.

జూన్ 14

పార్కు చుట్టూ మొత్తం ఒక్క కాగితంతో! ఆ ముక్క దాచి మా ఆయనకి చూపించాను. వెనక్కి తిప్పి చూసి "పాత బిల్లేమో అనుకున్నా" అన్నాడు. అంటూనే జేబులో పెట్టుకున్నాడు.

జులై 5

ఇరవై కిలోమీటర్లు, కాగితం. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర మరిది ఉన్నట్టుండి, "నిన్న ఒకాయన ఫోన్ చేశాడొదినా" అని మొదలుపెట్టాడు. పక్కింటి కుళాయి చప్పుడుకి నిద్ర పట్టట్లేదు, వాళ్ళకి కూడా నీళ్ళు ఆపండి అన్నాడట.

కబుర్లు తిరిగి వచ్చాయి! నా కళ్ళలో నీళ్ళొచ్చాయి, చెమట అని చెప్పాల్సిన పని కూడా లేదు, వాడికి కనపడదుగా. "ఏడుస్తున్నావా?" అన్నాడు. వాడికి అన్నీ వినపడతాయి, అదీ బాధ.

మళ్ళీ తాడుకి మారాం. కాగితం అలవాటు పోకుండా వారానికి ఒకరోజు.

ఆగస్టు 23

సైకిలు మీద నూట అరవై. దిగాక నేల ఊగింది. ఎదురుగాలి, అయినా ఇద్దరం పాటలు పాడుకుంటూ తొక్కాం. అపశ్రుతిలో ఇద్దరం సమానమే.

సెప్టెంబరు 20

డ్యాం నీళ్ళలో నాలుగు కిలోమీటర్లు. తొడకి తొడకి తాడు. ఇందులో తాడుని వదులుగా ఉంచేది వాడే, నేను కాదు. ఒడ్డుకొచ్చి ఇసుకలో పడుకుని ఆకాశం చూశాను. కిందటేడు జూన్‌లో కడ్డీ వదలని మనిషిని.

అక్టోబరు 10

రేపే. బూట్లు మూడుసార్లు సర్దాను. మా ఆయన బూట్లు కూడా సర్దానట, తీసి ఇచ్చాడు.

మరిది ఒక్కటే అన్నాడు. "రెండుసార్లు సగంలో ఇంటికొచ్చానొదినా. మూడోసారి అలా రాలేను." నేను తాడు మడిచి సంచిలో పెట్టాను. ఏం చెప్పినా మాట ఇచ్చినట్టవుతుంది.

భయంగా ఉంది. భయం కన్నా ఆత్రం ఎక్కువగా ఉంది. తెల్లారితే బావుండు.

అక్టోబరు 13

రెండ్రోజులు కలం పట్టుకోలేకపోయాను. ఇప్పుడు కూడా మంచం మీద బోర్లా పడుకుని రాస్తున్నాను. వరసగా రాస్తాను, లేకపోతే చివరికి ఎగిరిపోతాను.

ఈత హాయిగా అయింది. జనం మధ్యలో మొదట కొంచెం తొక్కిసలాట, వాడు నా పక్కకి ఒదిగి, నాతోపాటు ఊపిరి తీసుకుంటూ వచ్చాడు. పొద్దు బాగా పైకొచ్చేసరికి సైకిలెక్కాం. నూట ఎనభై. మలుపు, ఎత్తు, పల్లం, రాళ్ళు, స్పీడ్ బ్రేకరు. చెప్పి చెప్పి గొంతు పోయింది. ఒక్క స్పీడ్ బ్రేకరు కూడా మర్చిపోలేదు, రాసిపెట్టుకోవాల్సిన సంగతి. నూట నలభై దగ్గర ఎండకి తాగిన తీపి నీళ్ళు కడుపులో తిరగడం మొదలుపెట్టాయి. మరిదికి చెప్పలేదు.

పరుగు. మొదటి ఇరవై కిలోమీటర్లు తాడు ఊయలలా ఊగుతూనే ఉంది. జడ్జి వచ్చాడు, ఈసారి ఇంకో జడ్జి, ఇద్దరి చేతుల మధ్య చూసి, బొటనవేలు చూపించి వెళ్ళిపోయాడు. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ముప్ఫై దాటాక కడుపు తన్నింది. రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. లేచి పరిగెత్తాను. మళ్ళీ వాంతి. మూడోసారి కాళ్ళు మడత పడి కూర్చుండిపోయాను. పొద్దు వాలిపోయింది. దీపాలు వేస్తున్నారు. అచ్చం ఆ స్నేహితుడిలాగే. అదే పోటీ, అదే దారి, కూర్చోవడం కూడా అలాగే. మూడోసారి కూడా తోడే వీడిని ముంచుతోంది అనుకున్నాను.

మరిది నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. తాడు ఇంకా కట్టే ఉంది.

"నువ్వు వెళ్ళరా" అన్నాను. అప్పుడు నా బుర్ర అలా ఉంది.

"ఎక్కడికి వదినా?" అన్నాడు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ వాంతి.

"నోరు పనిచేస్తోందా?" అని అడిగాడు.

"చేస్తోంది."

"నడవగలవా?"

"ఎవరైనా లాగితే నడుస్తా" అన్నాను. ఏదో అలవాటు కొద్దీ అన్న మాట. 

వాడు లేచి నిలబడ్డాడు. మోటారు సైకిలు చప్పుడు వినిపించి అటువైపు చెయ్యెత్తాడు. జడ్జి ఆగాడు.

"అయ్యా, తోడు నన్ను లాగకూడదు. నేను తోడుని లాగొచ్చా?"

ఆయన హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. ఇలాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. "తోడు ముందుండకూడదు. నువ్వు ముందుంటే కూడదని ఎక్కడా లేదు. కానీ బాబూ, దారి ఎలా తెలుస్తుంది?"

"ఆవిడ చెబుతుంది" అన్నాడు మరిది.

నా చెయ్యి పట్టుకుని లేపాడు. ఒక అడుగు ముందుకి వేశాడు. తాడు బిగిసింది. మణికట్టు చుర్రుమంది. ఆహా, ఇలా ఉంటుందా అనుకున్నాను. నెలల తరబడి వీడు మాట్లాడకుండా భరించింది ఇదా. కోపమూ సిగ్గూ రావాల్సిన చోట నాకు సంతోషం వచ్చింది, ఎందుకో చెప్పలేను. ఇంత బలం వీడిలో ఉంది! నేను లాగకపోయినా వస్తాడు, పైగా నన్ను కూడా లాక్కొస్తాడు!

"కుడికి మలుపు, మెల్లగా. తిన్నగా. ఎడమ పక్క మనుషులు. తిన్నగా. గుంట, దాటు." ఎదురుగా వాడి వీపే అడ్డం, పక్కన దారి అంచులు చూసి చెబుతున్నాను. ముందు నడక. తర్వాత చిన్న పరుగు. దారి పక్కన జనం మొదట అర్థం కాక చూశారు. కళ్ళున్న ఆవిడ వెనక, కళ్ళు లేని అతను ముందు. అర్థమయ్యాక గోల మొదలైంది. ఆ గోలలో నా మాట వినపడదేమోనని అరిచాను. జీవితంలో అంత అరవలేదు. మా ఆయన ముగింపు గీత దగ్గర పరిచిన తివాచీకి ముందు మలుపులో నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి అంటాడనుకున్నాను.  మా పక్కనే కొంచెం దూరం తనూ పరిగెత్తాడు, ఇంటి చెప్పులతో.

గడువుకి ఇంకా టైముంది. గీత కనపడింది. దీపాలు, కింద ఎర్ర తివాచీ, పైన గడియారం. మైకులో మరిది పేరు చదివారు. వాడు ముందు, నేను వెనక. గీత మా కాళ్ళ కింద నుంచి వెళ్ళిపోయింది.

ఇక అక్కడ నేను ఒకే ఒక్క మాట చెప్పాలి. ఆగమని. 

చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, చెప్పబుద్ధి కాలేదు.

"ఇంకెంత వదినా?" అన్నాడు.

"ఇంకొంచెం" అన్నాను.

పరిగెత్తాం. నీళ్ళ సీసాల బల్ల దాటాం. దుప్పట్లు పట్టుకున్నవాళ్ళు పక్కకి జరిగారు. పతకం చేత్తో పట్టుకున్న ఒకావిడ మా వెనకాల "అయిపోయింది, అయిపోయింది" అంటూ పరిగెత్తుకొస్తోంది. ఆ మాట వాడికి వినపడకుండా ఉంటుందా. మైకులో తన పేరు వినపడకుండా ఉంటుందా. కాళ్ళ కింద తివాచీ అయిపోయి మళ్ళీ తారు రోడ్డు వచ్చింది.

"ఇంకెంత?" అని మళ్ళీ అడిగాడు. నవ్వుతున్నాడు.

"ఇంకొంచెం" అన్నాను.